పోటీ పరీక్షల ప్రత్యేకం: ఇంగ్లిష్ ప్రిపోజిషన్లు – తెలుగు విభక్తి తెచ్చే తప్పులు

సూరత్ మరమగ్గాలకు తెలంగాణ నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలైనా, హైదరాబాద్‌లో చదివేవారైనా తప్పు చేసేది ఒకే చోట: విభక్తిని అలాగే ఇంగ్లిష్‌లో పెట్టడం.

స్థలం: జిల్లాకు ఇన్, కూడలికి ఎట్, రహదారికి, నదికి ఆన్. కామ్‌రేజ్ తాలూకా ఇన్ సూరత్ డిస్ట్రిక్ట్. ఎట్ కామ్‌రేజ్ జంక్షన్. ఆన్ ఎన్‌హెచ్ 48. సూరత్ స్టాండ్స్ ఆన్ ద తాపీ.

'కంటే': సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ తర్వాత టు. దాన్ తప్పు. ఇవి లాటిన్ నుంచి వచ్చిన మాటలు. ప్రిఫర్ టీ టు కాఫీ కూడా ఇంతే.

'తో': మ్యారీడ్ టు. విత్ కాదు.

'లో': గుడ్ ఎట్ మ్యాథ్స్.

'గురించి': డిస్కస్ తర్వాత ఎబౌట్ రాదు.

తప్పక చూడాల్సింది: కొన్ని క్రియలకు ప్రిపోజిషన్ అక్కర్లేదు, అదే మాట నామవాచకమైతే కావాలి. ఎంఫసైజ్ ద పాయింట్, ఎంఫసిస్ ఆన్ ద పాయింట్. రిక్వెస్ట్ లీవ్, ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్. డిస్కస్ ద బిల్, ఎ డిస్కషన్ ఎబౌట్ ద బిల్. తప్పును గుర్తించే ప్రశ్నలకు ఈ జంటలు చాలా అనువైనవి. నోటితో పలుకుతూ పది సార్లు రాయండి.

కొన్ని మాటల్లో టు తర్వాత ఐఎన్‌జీ: లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్, అకస్టమ్డ్ టు వర్కింగ్.

ఎంటర్ ద రూమ్, ఇంటు రాదు. ఒప్పందమైతే ఎంటర్ ఇంటు.

కంప్రైజెస్ తర్వాత ఆఫ్ వద్దు. కన్సిస్ట్స్ తర్వాత ఆఫ్ తప్పనిసరి.