ఇల్లు మారేవేళ ఫ్రెంచి మాటలు

1962లో ఒప్పందం అమలైనప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న యానాం కుటుంబాలున్నాయి. నేడు చదువుకు, ఉద్యోగానికి మన పిల్లలూ ఫ్రాన్సు వెళ్తున్నారు. అక్కడ ఇల్లు మారేవారికి ఉపకరించే మాటలు కొన్ని నేర్చుకుందాం. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకండి.

‘దెమెనాజే’ అంటే ఇల్లు ఖాళీ చేయడం. ‘ఆఁమెనాజే’ అంటే కొత్త ఇంట చేరడం. అట్టపెట్టెను ‘కార్తొఁ’ అంటారు. గాజుసామాను మోసేవారితో ‘అతాఁసియొఁ, సె ఫ్రజీల్’ (జాగ్రత్త, పగిలేవి) అనండి. ‘సె లూర్’ అంటే బరువుగా ఉన్నది. ‘ఊ ఎస్క జ ల పోజ్?’ (ఎక్కడ పెట్టను?) అని అడిగితే, ‘పోజే ల ఇసీ, సిల్ వు ప్లే’ (దయచేసి ఇక్కడ పెట్టండి) అనాలి. ‘పోజ్’ అంటే ‘పెట్టు’. ‘పోజే’ అంటే ‘పెట్టండి’. బరువులు మోసే మనిషికీ ఆ ‘అండి’ చెందాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ‘ఏతా దె లియ’. ఇంట చేరేనాడు, విడిచేనాడు గదిగదినీ చూసి, ఇంటి స్థితి రాసి ఇరువురూ సంతకం చేసే కాగితమిది. రెండూ సరిపోలితే అడ్వాన్సు నెలలోగా తిరిగి ఇవ్వాలి. తేడా ఉంటే రెండు నెలల గడువు, పైగా కోత. కనుక విరిగిన గొళ్ళెం కనబడితే చేరిననాడే ‘సెతే దెజా కసే’ (ఇది ముందే విరిగింది), ‘నోతే ల, సిల్ వు ప్లే’ (దయచేసి రాయండి) అని చెప్పండి. రాయించని గొళ్ళెం ఖరీదు మీ నెత్తినే పడుతుంది. రాశాక, చదివాకే సంతకం.

ప్రయాణానికి సిద్ధపడే పిల్లలచేత ఈ మాటలు బిగ్గరగా పలికించండి.