అతుకుల్లో దాగిన క్యాన్సర్: స్ప్లైసింగ్ పరిశోధనలో ఉపాధి మార్గాలు

మానవ శరీరంలో ప్రొటీన్లకు మూలమైన జన్యువులు సుమారు 20 వేలే అయినా, వాటి నుంచి అంతకు ఎన్నో రెట్ల వైవిధ్యం గల ప్రొటీన్లు తయారవడానికి ఒక ముఖ్య కారణం ప్రత్యామ్నాయ స్ప్లైసింగ్. జన్యువును చూసి కణం రాసుకున్న తొలి ఆర్‌ఎన్‌ఏ నకలులో చివరిదాకా నిలిచే ముక్కలను ఎక్సాన్లనీ, మధ్యలో ఉండి తొలగిపోయే ముక్కలను ఇంట్రాన్లనీ అంటారు. ఇంట్రాన్లను కత్తిరించి ఎక్సాన్లను అతికే పనే స్ప్లైసింగ్. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో వెల్లడించినందుకు ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ 1993లో నోబెల్ బహుమతి పొందారు. ఏ ఎక్సాన్‌ను ఉంచాలో, దేన్ని వదలాలో కణాన్ని బట్టి మారుతుంది గనుక, ఒకే జన్యువు వేర్వేరు కణాల్లో వేర్వేరు ప్రొటీన్లను ఇవ్వగలదు.

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లలో ఈ ఎంపికే తారుమారవుతుంది. ఈ కణితుల్లో అధికభాగం ఏపీసీ అనే జన్యువు దెబ్బతినడంతో మొదలవుతాయి. దానివల్ల కణ విభజనను ప్రేరేపించే సంకేతాలు అదుపు తప్పి, మిక్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, అది పీటీబీపీ1 వంటి స్ప్లైసింగ్ నియంత్రకాల ఉత్పత్తిని పెంచుతుంది. ఆ నియంత్రకాలు, గ్లూకోజ్ వినియోగంలో పాలుపంచుకునే పీకేఎం జన్యువులోని తొమ్మిదో ఎక్సాన్‌ను అణచివేయగా, దాని స్థానంలో పదోది చేరి పీకేఎం2 అనే రూపం తయారవుతుంది.

విద్యార్థి నిలిచి ఆలోచించవలసిన చోటు ఇదే. కణితిలో పీకేఎం2 అధికంగా కనిపించగానే అది క్యాన్సర్ వల్లే వచ్చిందని చాలాకాలం అనుకున్నారు గానీ, ఆరోగ్యకరమైన పెద్దపేగులోనూ ప్రధానంగా ఉండేది ఆ రూపమేనని తర్వాతి కొలతలు చూపాయి. కండరంతో పోల్చితే వచ్చే జవాబు వేరు, అదే రోగి పేగులో కణితికి ఆనుకుని ఉన్న మామూలు కణజాలంతో పోల్చితే వచ్చే జవాబు వేరు. పైగా తొమ్మిదో ఎక్సాన్‌తో వచ్చేది, పదోదానితో వచ్చేది, ఈ రెండు రూపాల పొడవూ 531 అమైనో ఆమ్లాలే కాబట్టి, పీసీఆర్‌లో వచ్చే పట్టీల పరిమాణం చూసి వాటిని విడదీయలేరు. పదో ఎక్సాన్‌ను మాత్రమే కోసే పీఎస్‌టీ1 అనే ఎంజైమును వాడి, కోతపడిన ముక్కల నిష్పత్తిని కొలవాలి. ఏ యంత్రం ఏమి చూడలేదో తెలిసిన విద్యార్థే ఈ రంగంలో నమ్మదగిన పరిశోధకుడవుతాడు.

ఇంటర్‌లో బైపీసీ చదివి, బయోటెక్నాలజీలోనో జీవరసాయన శాస్త్రంలోనో డిగ్రీ పొందినవారు గాట్-బీ ప్రవేశ పరీక్ష ద్వారా ఎమ్మెస్సీలో చేరవచ్చు. ఎంపీసీ, కంప్యూటర్ సైన్స్ నేపథ్యం ఉన్నవారికి బయోఇన్ఫర్మాటిక్స్ తలుపు తెరిచే ఉంది. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ పరీక్షలు ప్రధాన మార్గాలు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి నెలకు 37 వేల రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుందన్నది మాత్రం ఇంట్లోవారికి ముందే చెప్పవలసిన సంగతి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, నవీ ముంబైలోని ఆక్ట్రెక్, కల్యాణిలోని ఎన్ఐబీఎంజీ ఇటువంటి జీవశాస్త్ర, క్యాన్సర్ పరిశోధనలకు పేరున్న సంస్థలు.

ల్యాబ్‌లో ఆర్‌ఎన్‌ఏను చెడిపోకుండా వేరుచేయడం ఎంత అవసరమో, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ ఫలితాలను లైనక్స్ మీద పైథాన్, ఆర్ భాషలతో విశ్లేషించడమూ అంతే అవసరం. కణితి నమూనాలు దొరకని కళాశాలలో ఉన్నవారు నిరాశపడనక్కర్లేదు: అమెరికా నిర్మించిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌లో వందలాది పెద్దపేగు కణితుల సమాచారం ఉంది, ముడి వరుసలకు అనుమతి కావాలి గానీ, ఎక్సాన్ల అతుకులను లెక్కించి పెట్టిన పట్టికలు ఉచితంగా దొరుకుతాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పది జన్యువులు పెట్టుకోవడం కన్నా, సీడీ44 వంటి ఒక్క జన్యువును తీసుకుని, దాని ఎక్సాన్లను చేత్తో కాగితం మీద గీసి, కణితి వ్యాప్తితో ముడిపడిన వీ6 ముక్క ఎన్ని నమూనాల్లో చేరిందో లెక్కగట్టడం ఎంతో మేలు.

పరిశోధన వద్దనుకునేవారికి జన్యు నిర్ధారణ ప్రయోగశాలలు మరో దారి. తరతరాలుగా పెద్దపేగు క్యాన్సర్‌ను మోసుకొచ్చే లించ్ సిండ్రోమ్ కుటుంబాల్లో ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 జన్యువులను పరీక్షించినప్పుడు, ఎక్సాన్ అంచున కనిపించిన ఒక్క అక్షరపు మార్పు అతుకును చెడగొడుతుందా లేదా అన్నది తేలకపోతే, ఆ నివేదిక ‘అర్థం తేలని మార్పు’ అన్న మాటతో ఆగిపోతుంది. స్ప్లైస్ఏఐ వంటి సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంచనాను రోగి రక్తంలోని ఆర్‌ఎన్‌ఏతో సరిచూసి, నివేదికను ఒక నిర్ణయానికి తేగల వేరియంట్ విశ్లేషకుల పని అక్కడ మొదలవుతుంది. దాన్ని బట్టే ఆ ఇంటి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎప్పటి నుంచి కొలనోస్కోపీ చేయించుకోవాలో వైద్యులు చెప్పగలుగుతారు.

మందుల తయారీలోనూ ఈ చదువుకు చోటుంది. వెన్నెముక కండర క్షీణత వ్యాధికి 2016లో అమెరికాలో ఆమోదం పొందిన నుసినెర్సెన్, స్ప్లైసింగ్‌ను సరిదిద్దే మందే. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆ తరహా ఔషధం ఇంకా రాలేదు. ఇప్పుడు డిగ్రీలో ఉన్నవారు పీహెచ్‌డీ ముగించేనాటికీ ఆ పని మిగిలే ఉండవచ్చు.