మూడు నెలల సూది, మెదడు పొరల్లోని తాళాలు

మెదడును కప్పి ఉంచే మూడు పొరల పేర్లు జీవశాస్త్రంలో చదివే ఉంటారు. వరాశిక, లౌతికళ, మృద్వి. రెండు మార్కుల ప్రశ్న కాబట్టి బట్టీ పడతాం, పరీక్ష కాగానే మరిచిపోతాం. ఈ లౌతికళ కణాల నుంచి పుట్టే కణితిని మెనింజియోమా అంటారు. చాలావరకు ఇది క్యాన్సర్ కాదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగి మెదడును నొక్కుతుంది. అప్పుడు తలనొప్పి, ఫిట్స్, చూపు మందగించడం కనిపిస్తాయి. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఇది సుమారు రెండింతలు ఎక్కువ.

దీనికి ఒక కారణం హార్మోన్ గ్రాహకాలు. హాస్టల్లో మన ట్రంకు పెట్టెలకు తాళం కప్పలు ఉంటాయి కదా! గ్రాహకం అలాంటి తాళం కప్ప, హార్మోన్ దాని చెవి. చెవి పడగానే గ్రాహకం కేంద్రకంలోని డి.ఎన్.ఎ.ను పట్టుకొని కొన్ని జన్యువులను పనిలోకి దించుతుంది. మెనింజియోమాల్లో ఎక్కువ భాగం ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు కలిగి ఉంటాయి. ఈస్ట్రోజెన్ గ్రాహకాలు మాత్రం తక్కువ.

అయితే తాళాలన్నీ ఒక్క తీరు కావు. ప్రొజెస్టెరాన్ గ్రాహకం ఒకే జన్యువు నుంచి ‘ఎ’, ‘బి’ అనే రెండు రూపాల్లో తయారవుతుంది. ‘బి’లో 164 అమైనో ఆమ్లాలు ఎక్కువ. చాలా కణాల్లో ‘బి’ జన్యువులను ఉసిగొల్పితే, ‘ఎ’ దానికి పగ్గం వేస్తుంది. గ్లయోబ్లాస్టోమా అనే ప్రాణాంతకమైన మెదడు క్యాన్సర్ కొన్ని నమూనాల్లో ఇంకో వింత బయటపడింది. అందులోని పురుష హార్మోన్ గ్రాహకపు ఒక రూపానికి హార్మోన్‌ను పట్టుకునే భాగమే లేదు. అంటే చెవి లేకుండానే తెరుచుకునే తాళం! ఇక హార్మోన్‌ను ఆపి లాభమేమిటి?

మెనింజియోమాలోనూ మందు అంత తేలిగ్గా దొరకలేదు. ప్రొజెస్టెరాన్ గ్రాహకాన్ని మూసే మిఫెప్రిస్టోన్‌ను అమెరికాలో ఆపరేషన్‌కు లొంగని రోగులకు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర కన్నా అది మేలు చేయలేదని 2015లో ప్రచురించారు.

ఈ పాఠం మనకెందుకు? మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. సైన్సు చదివితే డాక్టరే అనుకుంటారు మావాళ్లు. ఇంటికి పోతే వదినలు, అక్కలు “మూడు నెలల సూది మంచిదేనా?” అని అడుగుతారు. జనగామలో అయినా, మహబూబాబాద్ తండాల్లో అయినా, భూపాలపల్లి గూడేల్లో అయినా అడిగేది ఇదే. ఆ సూదిలో ఉండేది 150 మిల్లీగ్రాముల మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ అసిటేట్. 2017లో ‘అంతర’ పేరుతో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి వచ్చింది. ఇది ప్రొజెస్టెరాన్‌ను పోలిన మారుచెవి.

2024 మార్చిలో ఫ్రాన్సు పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. మెనింజియోమా ఆపరేషన్ అయిన 18,061 మంది స్త్రీలలో ఈ సూది వాడినవారు 9 మంది. ఆ ఆపరేషన్ కాని 90,305 మందిలో 11 మంది. ఏడాది లేదా అంతకు మించి వాడితే ప్రమాదం సుమారు 5.6 రెట్లని తేల్చారు. ఈ అంకె చూసి బెదరకండి. పక్కన ఉన్న ఆ 9ని కూడా చూడండి. అరుదైన జబ్బు అయిదింతలైనా అరుదైనదే. ఒంట్లో రక్తం లేని తల్లికి వెంటవెంటనే కాన్పు కావడం కూడా ప్రమాదమే. హార్మోన్ లేని కాపర్-టి లాంటి దారులూ ఉన్నాయి. ఏది ఎంచుకోవాలన్నా ముందు తెలియాలి కదా!

తెలియజేయకపోవడం మీద మన దగ్గరే పెద్ద పోరాటం నడిచింది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇదే కోవ సూదిని పల్లె స్త్రీలపై ప్రయోగించబోయారు. హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీ సహేలీ తదితర సంఘాలు 1986లో సుప్రీంకోర్టుకెక్కాయి. అప్పటి వాదన మెనింజియోమా గురించి కాదు, అడిగి, చెప్పి వేయడం గురించి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ సూది వాడుతుంటే, వదలని తలనొప్పి గాని, చూపులో తేడా గాని వస్తే “ఎండదెబ్బ”, “అద్దాలు మార్చాలి” అని సరిపెట్టుకోనివ్వకండి. సూది తేదీలు రాసిన కార్డు ఒకటి ఇస్తారు. దాన్ని పారేయకుండా దాచి, డాక్టరు ముందు పెట్టి, ఎన్నేళ్లుగా వేయించుకుంటున్నారో చెప్పించండి.