పెన్నును పిసక్కు తల్లీ

చిన్నమ్మాయికి,

కొత్త టాబ్లెట్‌లో నువ్వు వేసిన బొమ్మలు మీ నాన్న పంపించాడు. గీత కుదురుకుంది. కానీ బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతోందనీ, రోజూ బామ్ రాసుకుని పడుకుంటున్నావనీ కూడా చెప్పాడు. బొమ్మల సంగతి తర్వాత, ముందు చెయ్యి సంగతి చూద్దాం.

వీడియో కాల్‌లో గమనించాను. పెన్నును మొన పక్కనే పట్టుకుని, చూపుడువేలు వెనక్కి వంగిపోయేలా నొక్కుతున్నావు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కుతారు. నొక్కితేనే రంగు దిగుతుంది. నీ పెన్నులో దిగడానికేముంది? పక్కల ఎంత పిసికినా గీత లావెక్కదు, మొన మీద పడే బరువుకే లావెక్కుతుంది. ఆ బరువు ఎంత చాలో కూడా మనమే చెప్పుకోవచ్చు. బొమ్మలు వేసే యాప్ సెట్టింగుల్లో ప్రెషర్ కర్వ్ ఉంటుంది, తేలిగ్గా తాకినా లావు గీత పడేలా మార్చుకో. మొదట్లో గీతలు అదుపు తప్పుతాయి, ఓర్చుకో.

నీ ఆపిల్ పెన్సిల్ మందం 8.9 మిల్లీమీటర్లే. అంత సన్నటిది జారిపోకుండా పట్టుకోవాలంటే వేళ్ళు బిగుస్తాయి. మెత్తటి గ్రిప్పు తొడిగి, ఇంకాస్త పైకి పట్టుకో. నున్నటి గాజు మీద మొన జారుతుంటే తెలీకుండానే నొక్కేస్తాం కాబట్టి గరుకు ఫిల్మ్ అంటించు. దానివల్ల మొన త్వరగా అరుగుతుంది, అరగనీ. అరచెయ్యి తగిలి గీత పడుతుందేమోనని చెయ్యి గాల్లో నిలబెట్టకు. వేలి స్పర్శ పనిచెయ్యకుండా ఆపేసి, నిశ్చింతగా ఆనించు. పొడవాటి గీతలు మోచేతి నుంచి లాగు.

నీ నొప్పి నాకు డి కెర్వైన్ జబ్బులా అనిపిస్తోంది. 1895లో దాని గురించి రాసిన స్విస్ సర్జన్ పేరది. బొటనవేలిని కదిపే రెండు టెండన్లు మణికట్టు పక్కన ఇరుకు తొడుగులోంచి పోతాయి. ఆ తొడుగు మందమెక్కితే వేలు కదిపినప్పుడల్లా ఒరుసుకుంటాయి. బామ్‌తో ఆ మందం తగ్గదు. మొదట్లోనే చూపించుకుంటే చాలామందికి స్ప్లింటుతో, విశ్రాంతితో తగ్గుతుంది. వేళ్ళలో తిమ్మిరి ఉంటే అది వేరే సంగతి, డాక్టరుకి అదీ చెప్పు.

ఈ వారం బొమ్మలు ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళు. తోడు రమ్మని మీ నాన్నకు విడిగా రాస్తున్నాను.

నీ పెదనాన్న