చీనీ తోటకు యూరియా వేసే ముందు భూసార కార్డు చూడండి

అనంతపురం వైపు చీనీ ఆకు పసుపెక్కితే చాలామంది ముందు యూరియా బస్తా విప్పుతారు. ఆకు పసుపైన ప్రతిసారీ నత్రజని లోపమే కానక్కర్లేదు. ఏ ఆకు పసుపైందో ముందు చూడండి.

ముదురు ఆకు మొత్తం ఒకేలా పసుపైతే నత్రజని లోపం. అప్పుడు యూరియా పనిచేస్తుంది. కొత్త ఆకులు చిన్నగా, సన్నగా వచ్చి, ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య పసుపు కనిపిస్తే జింకు లోపం. లేత ఆకు తెల్లబారి, సన్నని ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలితే ఇనుము అందట్లేదని అర్థం. సున్నం ఎక్కువున్న నేలల్లో ఈ రెండూ మామూలే. పోషకం నేలలో ఉన్నా వేరుకు అందదు. అలాంటి చెట్టుకు ఎంత యూరియా పోసినా డబ్బు దండగ.

దీనికి ఆకు మీద పిచికారీయే మేలు. లీటరు నీటికి జింకు సల్ఫేట్ 5 గ్రా., మాంగనీస్ సల్ఫేట్ 2 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రా., ఫెర్రస్ సల్ఫేట్ 2 గ్రా., బోరాక్స్ 1 గ్రా., సున్నం 6 గ్రా., యూరియా 10 గ్రా. కలపాలి. కొత్త చిగురు మీద, చల్లటి పూట కొట్టండి. నేలకు జింకు వేస్తే మాత్రం డీఏపీతో కలిపి వేయొద్దు, రెండూ కలిస్తే జింకు అందకుండా పోతుంది.

జిప్సం సంగతి వేరు. పక్కతోటాయన వేశాడని మనమూ వేయడం కాదు. కార్డులో పి.హెచ్. 8.5 దాటి, నేల కారు చౌడైతేనే జిప్సం. వేశాక మంచినీళ్లు పెట్టి ఉప్పు కిందికి దిగిపోయేలా చూడాలి, నీళ్లు బయటికి పోయే దారీ ఉండాలి. పైన తెల్లగా ఉప్పు పేరుకునే పాల చౌడుకు జిప్సం అక్కర్లేదు, మంచినీటితో కడిగితే చాలు.

సాయిల్ హెల్త్ కార్డులో పి.హెచ్., లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్ మొత్తం 12 అంశాలుంటాయి. అయితే వేరుశనగకు తీసినట్టు జానెడు లోతు మట్టి చీనీకి చాలదు. చెట్టు నీడ అంచున, ఈమధ్య ఎరువు పడని చోట గుంత తీసి, ఒక్కో అడుగు మట్టిని విడి సంచిలో అరకిలో చొప్పున కట్టండి. కొత్తగా తోట పెట్టేవాళ్లు 6 అడుగుల దాకా తీయడం మంచిది. సుద్ద పొర ఎక్కడ తగిలిందో మొక్క నాటకముందే తెలుస్తుంది, నాటాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. సంచి మీద సర్వే నంబరు, లోతు, ‘చీనీ తోట’ అని రాసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి.

ఇంకొకటి, ఎరువుగానీ పశువుల పెంటగానీ మొదలుకు ఆనించి పోయొద్దు. తేమ నిలిచి బంక తెగులు వస్తుంది. ఆహారం తీసుకునే వేర్లు కొమ్మల నీడ అంచు దగ్గర ఉంటాయి. అక్కడ వేసి, మట్టి కప్పి, వెంటనే నీళ్లు పెట్టండి.