పాత పేరు, కొత్త పరుగు: మోటారు సైకిలు ప్రియుల ప్రశ్నలు - జవాబులు

రాయల్ ఎన్‌ఫీల్డు వంటి పురాతన సంస్థనుండి వేగమును, చురుకుదనమును గల కొత్త బండ్లు ఎట్టివి రావలెను, వచ్చినవానిలో మన నేలకు ఏది తగును అని అడుగుచు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాలనుండి ఉత్తరములు వచ్చినవి. వానిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు వ్రాయుచున్నాము.

ప్రశ్న: అయ్యా, మాకు పత్తి, శనగ, మిరప సాగు. మా నాన్నగారికి పాత బుల్లెట్టు ఉన్నది, కన్నబిడ్డలా చూసుకుంటారు. నేను కాంటినెంటల్ జీటీ కొనాలనుకుంటున్నాను. "బుల్లెట్టు కంపెనీ పందెపు బండ్లు చెయ్యటమేమిటి, దాని పరువేం కావాలి?" అని నాన్నగారు కోప్పడుతున్నారు. ఆయన మాటలో న్యాయం ఉన్నదా?
- యువ రైతు, పర్చూరు ప్రాంతము

జవాబు: నాయనా, మీ తండ్రిగారి అభిమానమును తేలికగా త్రోసివేయవలదు. 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు ఇండియా స్థాపితమై, తిరువొత్తియూరు కర్మాగారమునుండి బుల్లెట్లు వెలువడ నారంభించిన పిమ్మట, వానకాలమున కాలు దిగబడు రేగడి డొంకలలోను, ఎండకాలమున నెర్రెలువారిన చేలగట్లపైనను, వెనుక ఎరువు బస్తా ఉన్నను వెనుదీయక పోయి రాగలిగిన ఆ బండి, మన మోతుబరి ఇండ్లలో వాహనముగా మాత్రమే గాక ఇంటి మర్యాదలో ఒక భాగముగా నిలిచినది. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు వేయుట నేర్చి, ఆమ్‌మీటరు ముల్లును చూచుకొనుచు కిక్కురాడ్డును మెల్లగా దించి, డీకంప్రెషరు లివరు పట్టి, ఆ పిమ్మట ఒక్క తన్నుతో ఇంజనును లేపుట ఆ తరమువారు కష్టపడి సంపాదించిన విద్య. ఆ విద్య వచ్చినవారు బటను నొక్కినంతనే లేచు బండిని శంకించుట సహజమే.

అయినను, రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ వంశచరిత్రను మొదటినుండి చదివినచో మీ తండ్రిగారి శంకకు ఆధారము దొరకదు. 1901లో ఇంగ్లాండునందలి రెడ్డిచ్ పట్టణమున తొలి మోటారు సైకిలును చేసిన ఆ సంస్థ, 1932లో బుల్లెట్టు అను పేరును ఒక బండికి పెట్టినప్పుడు, దానిని బస్తాలు మోయుటకు గాక పరుగునకే పుట్టించినది. ఆ పేరు గల బండిపైననే జానీ బ్రిటన్ అను రౌతు 1952లోను, తిరిగి 1957లోను స్కాట్లండు కొండలలో జరుగు ఆరుదినముల పోటీని గెలిచినాడు. 1960 దశకమున యువకులు పాత బండ్లను విప్పి, హ్యాండిలును దించి, సొంత చేతులతో పరుగు బండ్లుగా మార్చుకొనుచుండగా, సంస్థ అధిపతి లియో డావెన్‌పోర్టు, తానును ఒకనాటి పందెగాడు గనుక, కర్మాగారమున పని నేర్చుకొనుచున్న కుర్రవాండ్రను పిలిచి, మీరు ఎట్టి బండి కలగనుచున్నారో చెప్పుడని అడిగెను. ఆ జవాబులనుండి పుట్టినదే 1964 నాటి కాంటినెంటల్ జీటీ 250. ఐదు గేర్లు, 21 గుర్రపు శక్తి గల ఆ చిన్న బండిని పలువురు రౌతులు వంతులవారీగా నడిపి, స్కాట్లండు ఉత్తరపు కొననుండి ఇంగ్లాండు నైఋతి కొనవరకు ఒక్క దినములోపల చేర్చినారు.

తరువాతి కథ విచారకరము. రెడ్డిచ్ కర్మాగారము మూతపడినది. 1970లో ఇంగ్లాండున ఆ బండ్ల తయారీయే నిలిచిపోయినది. పేరును, బుల్లెట్టును మద్రాసు కాపాడినది గాని, పరుగు పాలు మాత్రము సముద్రమున కావలనే ఉండిపోయినది. మనకు కావలసినది కూడ అప్పుడు మన్నికయు, మైలేజియే గనుక, బుల్లెట్టు చట్రములో 325 సీసీ డీజిలు ఇంజను బిగించి అమ్మిన కాలమును, ఆ బండ్లు మన పల్లెలలో తిరిగిన దినములను మీ తండ్రిగారు నాకంటె బాగుగ ఎరుగుదురు. 2013లో కాంటినెంటల్ జీటీ 535, 2018 నవంబరులో జీటీ 650 వచ్చుటతో, ఆ వంశమునకు చెందవలసిన రెండవ పాలు ఆలస్యముగానైనను ఇల్లు చేరినది. కాబట్టి ఇది పరువు పోవుట గాదు. ఈ మాట ఆయనతో వాదముగా గాక, ఆయన బండి ప్రక్కన కూర్చుండి, ఆయన తీరికగా నున్న వేళ చెప్పుడు. ఆయన సమ్మతి లేకుండ కొన్న బండి మీకు సుఖమునీయదు.

ప్రశ్న: తేజ రకం మిరప వేశాను. పంట డబ్బు చేతికి రాగానే 650 సీసీ బండి కొననా? 750 సీసీతో కొత్త స్పోర్టు మోడలు వస్తుందని మిత్రులందరూ ఆశగా చెబుతున్నారు, దానికోసం ఆగనా?
- ప్రత్తిపాడు పాఠకుడు

జవాబు: మిరప టిక్కీలను శీతల గిడ్డంగిలో పెట్టి ధరకై ఎదురుచూచు రైతునకు ఎదురుచూపు వెల యెంతో నేను వేరుగా చెప్పనక్కరలేదు. గిడ్డంగిలోని సరుకైనను మన కంటికి కనబడును. దుకాణమునకు రాని బండి అదియు గాదు. మిత్రుల ఆశ మంచిదే, నేనును ఆ ఆశ గలవాడనే. కాని సొమ్ము చెల్లించుటకు ఆశ ఆధారము గాకూడదు. కూర్చుండి చూడగలిగిన బండిని, నడిపి చూచి, అది మీకు తగునా తగదా అని నిర్ణయించుకొనుడు.

అంతకు ముందు మీరు గమనింపవలసిన విషయమొకటి గలదు. 2025 సెప్టెంబరు 22 నుండి వస్తుసేవల పన్ను మారి, 350 సీసీ వరకు గల మోటారు సైకిళ్ళపై 28 శాతము 18 శాతమునకు దిగగా, అంతకు మించినవానిపై సెస్సుతో కలిసి 31 శాతముగా నున్నది 40 శాతమునకు ఎగబ్రాకినది. అనగా 349 సీసీ గల మామూలు బుల్లెట్టు చౌకయైనది, మీరు కోరిన 650 ప్రియమైనది. రేపు రాగల 750 కూడ ఆ 40 శాతపు గాటనే కట్టబడును. ఇక పంట మాట. 2025 ఆరంభమున మిరప ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వము మార్కెట్టు జోక్యము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయింపవలసి వచ్చిన సంగతి మీరు మరచియుండరు. అట్టి సంవత్సరము తిరిగి వచ్చినను వాయిదాలు కట్టగలనన్న ధైర్యమున్నచో కొనుడు. పంట సొమ్ములో మొదట అప్పు, పిమ్మట వచ్చే కారు పెట్టుబడి, ఆ పిమ్మటనే బండి.

కొత్త బండినుండి ఏమి ఆశింపవలెనన్నది మీరు అడుగలేదు గాని చెప్పక ఉండలేను. 750 అను సంఖ్య చుట్టును మన కుర్రవాండ్ర ఆశ తిరుగుచున్నది. ఇప్పటి 648 సీసీ జంట సిలిండర్ల ఇంజను 47 గుర్రపు శక్తిని ఇచ్చుచున్నది. మన రహదారులకు అది తక్కువ గాదు. నేను కోరునది బరువు తగ్గుట. ఇంధనముతో సుమారు 210 కిలోలకు పైబడు బండిని మలుపులో త్రిప్పుటకు, సందులో నెట్టుకొని వచ్చుటకు ఎంత కండ కావలెనో నడిపినవారికే తెలియును. ముందు బ్రేకు మరింత పదునుగా నుండవలెను. గుంతపై వెనుక షాకులు వెన్నును కుదుపకుండ కాయవలెను. మే మాసపు మధ్యాహ్నమున వాహనముల నడుమ ఆగినప్పుడు మోకాళ్ళకు తగులు ఇంజను వేడి తగ్గవలెను. ఈ నాలుగును సమకూరినచో సీసీ పెరుగకపోయినను నాకు విచారము లేదు. 2024లో వచ్చిన గెరిల్లా 450 ఈ దారిలో ఒక మంచి అడుగు: 40 గుర్రపు శక్తి, 17 అంగుళముల చక్రములు, జీటీ కంటె తక్కువ బరువు. పాత వాసన లేదని దానిని చూడకుండనే కొట్టివేయుచున్నారు గాని, మీరు ఒకసారి నడిపి చూడుడు.

ప్రశ్న: నేను కళాశాలలో అధ్యాపకురాలిని. వారానికి రెండు మూడు సార్లు బాపట్లనుంచి గుంటూరు వస్తాను. జీటీ 650 రూపం నాకు ఎంతో ఇష్టం. ముందుకు వంగి నడపవలసిన బండి రోజూ నడపటానికి పనికివస్తుందా?
- బాపట్ల పాఠకురాలు

జవాబు: అమ్మా, రూపముపై మీకు గల్గిన ఇష్టమును తప్పుపట్టను, ఆ పొడవైన ట్యాంకియు, క్రిందికి దిగిన హ్యాండిలును, వెనుకకు జరిగిన ఫుట్‌రెస్టులును కూడి బండికి ఇచ్చిన తీరు నిజముగా చూడముచ్చటైనదే. ఆ భంగిమ గాలి వేగముగా ఎదురువచ్చునప్పుడు సుఖమునిచ్చును, ఏలయన శరీరపు బరువులో కొంత గాలియే మోయును. ఊరిలో నెమ్మదిగా పోవునప్పుడు ఆ బరువంతయు మణికట్లపై పడును. గుంటూరు నగరములోని వాహన సమ్మర్దములో అరగంట నడిపినచో అరచేతులు తిమ్మిరెక్కుట మీకు తెలియవచ్చును. అదే ఇంజను, అదే చట్రము గల ఇంటర్‌సెప్టరు 650 హ్యాండిలు ఎత్తుగా నుండును. వెన్ను నిటారుగా నిలుచును. రోజువారీ పనికి నేను దానినే చెప్పుదును. జీటీయే కావలెనని మనసు పట్టుబట్టినచో, రెండింటిని ఒకే దినమున, ఒకే దారిలో నడిపి, మరునాటి ఉదయము మణికట్లను అడిగి నిర్ణయించుకొనుడు.

మీ దారికి సంబంధించిన మరియొక మాట. మిరప వచ్చు మాసములలో గుంటూరు యార్డు పరిసరములకు వచ్చినప్పుడు, టిక్కీలు దించుచున్న లారీల చెంత గాలిలో లేచు కారపు ధూళి, ముఖము మూయని హెల్మెట్టు పెట్టుకొన్నవారి కండ్లను ఒక్క క్షణములో నీటితో నింపును, దగ్గు ఆగదు, ఆ క్షణమున బండి ఎటు పోవునో నడుపువారికే తెలియదు. ముఖమంతయు కప్పు హెల్మెట్టు కొని, ఆ దాపులకు వచ్చుటకు ముందే అద్దము దింపుకొనుడు. కన్ను మండినను చేతి తొడుగుతో తుడువవద్దు, తొడుగునకును కారము అంటియుండును. పత్తి బోరాలు రెండు ప్రక్కల పొంగి పొరలునట్లు ఎక్కించిన లారీ వెనుకగా పోవునప్పుడు, డ్రైవరుకు మీరు కనబడుట లేదని గుర్తుంచుకొని ఎడముగా నుండుడు.

ప్రశ్న: ముప్పై ఏండ్లుగా బుల్లెట్లు బాగుచేస్తున్నాను. ఈ కొత్త స్పోర్టు బండ్లు వస్తే మాబోటి రోడ్డు పక్క మెకానిక్కుల గతి ఏమిటి?
- చిలకలూరిపేట మెకానిక్కు

జవాబు: అయ్యా, ఈ ఉత్తరములన్నింటిలో నా మనసును తాకినది మీది. ఇంజనుపై స్క్రూడ్రైవరు మొన నానించి, దాని పిడిని చెవికి చేర్చి, లోపల ఏది కొట్టుకొనుచున్నదో చెప్పగలిగిన మీ వంటివారే లేనిచో, ఈ నేలపై ఈ బండికి ఇంత ఆయుష్షు ఉండెడిది గాదు. సంస్థ పేరు ఎంతటి పురాతనమైనను, దానిని కాపాడినవారిలో మీరు ఒకరు.

మారినదేమో చూతము. పోత ఇనుప ఇంజను పోయి, గేరుపెట్టె కలిసిన ఇంజను వచ్చినది. 2020లో 349 సీసీ కొత్త ఇంజను దాని స్థానమును ఆక్రమించినది. కార్బురేటరు పోయి, ఇంధనమును లెక్కగట్టి చిమ్ము యంత్రము వచ్చినది. పాయింట్లను ఉప్పుకాగితముతో గీకు పని ఇక తిరిగి రాదు. ఏ దోషము వచ్చినదో తెలుపు సంకేతములను చదువు చిన్న యంత్రములు ఇప్పుడు విడిగా దొరకుచున్నవి. ఒకటి కొని, సైన్సు చదివిన కుర్రవానిని ఒకనిని ప్రక్కన పెట్టుకొనుడు. మీకు తెలియనిది వాడు చదివి చెప్పును, వానికి తెలియనిది మీ చెవి చెప్పును.

అన్నియు పోలేదు. 650 జంట ఇంజనులో సిలిండరుకు నాలుగేసి వాల్వులున్నను, వాని ట్యాపెట్లను నేటికిని స్క్రూ, నట్టు పద్ధతిలోనే సరిచేయవలెను; మీ ఫీలరు గేజి అక్కడ పనికివచ్చును. ఆ ఇంజను ధ్వని పాత ఒంటి సిలిండరు ధ్వని గాదు; రెండు పిస్టన్లకు నడుమ క్రాంకు 270 డిగ్రీల ఎడముతో నుండుటచే ప్రేలుళ్ళు సమవ్యవధిలో పడక, ఒక విరుపుతో వినబడును. మొదటిసారి విన్న మీ పనివారు దానిని దోషమని భ్రమపడకుండ చెప్పుడు. గెరిల్లా వంటి నీటిచల్లదనపు ఇంజన్లకు రేడియేటరు గలదు. మీ ఊరి జిన్నింగు మిల్లుల చెంత తిరుగు బండ్ల రేడియేటరు రెక్కలలో దూది నూగు చేరి, ధూళితో కలిసి పలుచని కంబళివలె పట్టుకొనును. ఇంజను వేడెక్కుచున్నదని వచ్చినవారికి మొదట దానిని విప్పి చూపుడు. నీటిని మెల్లగా పోసి కడుగవలెను. వాటరు సర్వీసు గన్నుతో దగ్గరనుండి కొట్టినచో రెక్కలు వంగిపోవును. పట్టణపు షోరూము పుస్తకములో లేని ఈ పని మీ చేతిలోనిదే.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్ళు. ఇంటర్మీడియట్ పాసైతే స్పోర్టు బండి కొనిస్తానని మాట ఇచ్చాను. సైలెన్సరు కూడా మార్పించమంటున్నాడు.
- నరసరావుపేట తండ్రి

జవాబు: మాట నిలుపుకొనుడు, కాని పదునెనిమిది నిండిన పిమ్మట, లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మట. 2019లో సవరింపబడిన మోటారు వాహన చట్టము ప్రకారము, బాలుడు బండి నడిపి నేరము చేసినచో, తండ్రికి 25,000 రూపాయల జరిమానాతోబాటు మూడేండ్లవరకు జైలుశిక్షయు పడవచ్చును. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దగును. ఆ కుర్రవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. సైలెన్సరును మార్చి ఊరిని లేపుట చట్టవిరుద్ధము, పైగా బండి తయారైన తీరును చెరచుట. ఆ సొమ్ముతో మంచి హెల్మెట్టు, తొడుగులు, చీలమండను కప్పు బూట్లు కొనిపెట్టుడు.

ప్రశ్న: నలుగురు మిత్రులం జీటీలు కొన్నాం. చిలకలూరిపేట, ఒంగోలు మధ్య హైవే మీద దాని అసలు వేగం చూడవచ్చా?
- ఒంగోలు పాఠకుడు

జవాబు: చూడరాదు. ఆ రహదారిపై నడిమి పట్టీ సందులలోనుండి గేదెలు వచ్చును, ఎదురుదారిన ట్రాక్టర్లు వచ్చును, చీకటిలో దీపము లేని ట్రక్కులు ఆగియుండును. మీ కోరికకు తగిన చోటు వేరే గలదు. ఒకప్పుడు మద్రాసు దాపున షోలవరము విమానపు బాటపై పందెములు జరిగెడివి. ఆ షోలవరము మీరు మద్రాసు పోవు దారిలోనిదే. ఇప్పుడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వేలోను అందుకై కట్టిన బాటలున్నవి. కోయంబత్తూరునందే 2021లో ఒకే తీరు జీటీ 650 బండ్లతో కాంటినెంటల్ జీటీ కప్పు పోటీ ఆరంభమైనది. బాటపై నడుపుట నేర్పు శిక్షణలు అక్కడ జరుగుచుండును. మొదట ఆ శిక్షణకు పేరు నమోదు చేసికొనుడు. బయలుదేరుటకు ముందు టైర్లు, బ్రేకు ప్యాడ్లు, చైను బిగువు ఎవరైన అనుభవశాలియైన మెకానిక్కుచే చూపించుకొనుడు.