ఆరోగ్యదానము – ఉత్సర్గ ధర్మము

ధర్మశాస్త్ర గ్రంథములయందు గోదాన, భూదాన, సువర్ణదానములతో పాటు ఆరోగ్యదానమను నొకటి చెప్పబడినది. 13వ శతాబ్దివాడైన హేమాద్రి పండితుడు తన చతుర్వర్గచింతామణిలోని దానఖండమునందు నందిపురాణమును ప్రమాణముగా గైకొని, ఔషధసమృద్ధియు, శాస్త్రజ్ఞుడైన వైద్యుడును గల ఆరోగ్యశాలను నెలకొల్పుట మిక్కిలి పుణ్యకార్యమని నిరూపించెను. అందలి యుక్తి సులభమైనది. ధర్మార్థకామమోక్షములు నాలుగింటికిని ఆరోగ్యమే సాధనము. కావున ఆరోగ్యమిచ్చినవాడు నాలుగింటిని ఇచ్చినవాడే యగును.

ఇది గ్రంథములకే పరిమితమైన మాట కాదు. చెంగల్పట్టు ప్రాంతమున తిరుముక్కూడల్ విష్ణ్వాలయమునందు 11వ శతాబ్ది నాటి వీరరాజేంద్రచోళుని శాసనము కలదు. అందు ఆలయమునకు చేరిన ఆతురశాలలో 15 పడకలుండెననియు, వైద్యునకు, శస్త్రచికిత్సకునకు, పరిచారికలకు ఇంత ఇంత ధాన్యమని ఏర్పాటు జరిగెననియు వ్రాయబడియున్నది. మన గుంటూరు సీమలోని మల్కాపుర శాసనము (1261) రుద్రమదేవి కాలమున విశ్వేశ్వర శివాచార్యులు మఠముతో పాటు ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నెలకొల్పిన వృత్తాంతమును తెల్పుచున్నది. దేవాలయమునకును వైద్యశాలకును గల బాంధవ్యము నేటిది కాదు.

ఇచట దానమునకును ఉత్సర్గమునకును గల భేదమును పాఠకులు గమనింపవలెను. దానమునందు ఇచ్చువాడు తన స్వత్వమును వదలును, పుచ్చుకొనువాడు స్వీకరించి స్వత్వము పొందును. గోవు ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోవును. చెరువు త్రవ్వించినవానికి అట్టి ప్రతిగ్రహీత లేడు. అతడు సర్వభూతములకొరకని సంకల్పించి జలమును వదలును. అది ఉత్సర్గము. వదలిన పిమ్మట ఆ చెరువునందు అతనికి మిగులు అధికారమేమి? దాహమైనపుడు తక్కిన గ్రామస్థులవలె తానును దోసిలి పట్టవచ్చును. అంతకుమించి ఏమియు లేదు. వైద్యశాలయు ఈ కోవలోనిదే. రోగిని పాత్రుడా అపాత్రుడా యని పరీక్షింప పనిలేదు. ఆకలిగొన్నవానికి ఆకలియే అర్హత యైనట్లు, ఆతురునకు ఆర్తియే అర్హత.

ఈ ధర్మమునకు ఆధునిక కాలమున నాకు తోచిన ఉత్తమోదాహరణము బొంబాయి పరేలులోని టాటా స్మారక వైద్యశాల. వారు పారసీకులు, మన స్మృతులతో వారికేమి పని యని కొందరనవచ్చును. యజ్ఞయాగాదులైన ఇష్టకర్మలకు అధికారి నియమము గలదు గాని, చెరువులు, సత్రములు, శాలలవంటి పూర్తకర్మలకు అందరును అధికారులే.

వ్యాపార కుటుంబమున పెద్దవాడైన సర్ దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి రక్తమునకు సోకిన క్యాన్సరు వ్యాధితో 1931లో విదేశమునందు మరణించెను. వారికి సంతానము లేదు. మరుసటి సంవత్సరము మార్చిలో దొరాబ్జీ తన యావదాస్తిని ధర్మనిధికి ఒప్పగించి, జూన్‌లో తానును కన్నుమూసెను. ఆ ఆస్తిలో భార్యకొరకు కొన్న జూబిలీ వజ్రమొకటి. తూకమున 245 క్యారట్లు. 1924లో ఉక్కు కర్మాగారము మూతపడు స్థితి రాగా ఈ వజ్రముతో సహా తన సొత్తును బ్యాంకునకు కుదువబెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చి దానిని నిలబెట్టెను. దంపతుల మరణానంతరము వజ్రము విక్రయింపబడి ఆ ధనము ధర్మనిధికి చేరెను. ఆభరణమునకు ఇంతకంటె సద్గతి యుండునా?

1941 ఫిబ్రవరి 28న వైద్యశాల 80 పడకలతో తెరువబడెను. క్యాన్సరనిన మరణమే యని జనులు భయపడి పేరెత్తని రోజులవి. పిదప జరిగినదే మన విచారణకు ముఖ్యము. 1957లో ఈ సంస్థ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ అధీనమయ్యెను. 1962లో అణుశక్తి విభాగమునకు చేరెను. అప్పుడా విభాగమునకు అధిపతి హోమీ భాభా, మెహర్‌బాయికి స్వయముగా మేనల్లుడు.

కట్టినవారు తామే నడుపక ప్రభుత్వమునకు వదలుట బాధ్యతనుండి తప్పుకొనుట కాదా యని ప్రశ్న. ఉత్తరము ఉత్సర్గ లక్షణమునందే యున్నది. అధికారమును వదలవలెను గాని ఆదరణను వదలరాదు. చెరువుపై స్వత్వము పోయినంత మాత్రమున పూడిక తీయుట పాపమగునా? ఆ ధర్మనిధులు క్యాన్సరు చికిత్సకు సహాయము చేయుట నేటికిని మానలేదు. అధికారము నిలుపుకొని ఆదరణ మరచువారినే మనము ఎక్కువగా చూచుచున్నాము. ఆలయమునకు పంకా నొకటి సమర్పించి మూడు రెక్కలపైనను తమ పేరు వ్రాయించుకొని, అది చెడినపుడు కనబడని దాతలు ప్రతి యూరను కలరు. పేరుండుట దోషము కాదు. శాసనములలో దాతల పేళ్లు లేవా? వారు పేరుతో పాటు వత్తికి నూనెను కూడ ఏర్పరచిరి.

అఖండదీపమునకు దానము చేయునపుడు పూర్వులు గొఱ్ఱెలను ఒప్పగించెడివారు. తమిళ శాసనములు వానిని చావని, ముసలివి కాని గొఱ్ఱెలని వర్ణించును. గొఱ్ఱెకు చావు లేకపోవుట యెట్లు? కాపరి చచ్చినవానికి మారుగా పిల్లలను చేర్చి సంఖ్య తగ్గకుండ చూచి, నియమిత ప్రమాణమున నేయి కొలువవలెను. మందలోని గొఱ్ఱెలు మారును, మంద మారదు. మూలధనమును ముట్టక ఫలమును మాత్రము వెచ్చించు నేటి ధర్మనిధియు ఇట్టిదే. భవనమునకు ద్రవ్యమిచ్చువారు దొరకుదురు. ఇరువదేండ్ల తరువాత యంత్రము మార్చుటకు, పేదరోగి మందులకు ఇచ్చువారు దొరకుట కష్టము. మూలనిధి లేని వైద్యశాల నూనె లేని దీపస్తంభము.

ఈ ధర్మము మన తిరుపతికిని వచ్చినది. తిరుమల తిరుపతి దేవస్థానము 25 ఎకరముల భూమిని కౌలుకు ఇయ్యగా టాటా ధర్మనిధులవారు అచట క్యాన్సరు వైద్యశాలను నిర్మించిరి. 2018 ఆగస్టు 31న శంకుస్థాపన, 2022 మే 5న ప్రారంభోత్సవము జరిగెను. కౌలు ఉత్సర్గము కాదు గదా యని శాస్త్రజ్ఞులకు సందేహము రావచ్చును. దేవస్వమును అన్యాక్రాంతము చేయుటకు ఎవరికిని అధికారము లేదు గనుక ఇచట కౌలే ఉచితము. భూమి స్వామిదిగనే నిలిచినది, శాల రోగులదైనది. దానిని నెలకొల్పుటకై వారు ఏర్పరచిన సంస్థకు పెట్టుకొన్న పేరు అలమేలు ఛారిటబుల్ ఫౌండేషన్.